ఆరో ఆడిషన్ కూడా పోయింది. తెర ముందు కూర్చునేటప్పుడు మీ బుర్రలో ఏముంటుంది?

మూడో తీగ:

వయొలిన్ వాయిస్తాను. ఆర్కెస్ట్రా ఉద్యోగాలకి ఆడిషన్లు ఇవ్వడం మొదలుపెట్టి మూడేళ్ళయింది. వాయించేది ఎవరో కమిటీకి కనపడకుండా మధ్యలో తెర కడతారు. ఆరు ఇచ్చాను, అయిదు ప్రిలిమ్స్‌లోనే, అంటే మొదటి వడపోతలోనే పోయాయి, ఒక్కటి సెమీస్ దాకా వెళ్ళింది. సాధన చాలలేదేమో అని మాత్రం అనకండి. స్ట్రౌస్ డాన్ జువాన్ మొదటి పేజీ అర్ధరాత్రి లేపి అడిగినా వాయిస్తాను. మొట్సార్ట్ 39వ సింఫనీ, షూమన్ రెండో సింఫనీ స్కెర్జో (వేగంగా పరిగెత్తే భాగం), మెండెల్సన్ స్కెర్జో, ఆడిషన్లలో అడిగే ఈ ముక్కలన్నీ ఎప్పుడో చేతికెక్కాయి. ఇంట్లో.

మొన్న ఏం జరిగిందో చెప్తాను. మొదట అడిగిన కన్చెర్టో బాగానే వచ్చింది. తర్వాత డాన్ జువాన్. మొదట్లోనే ఒక్క స్వరం గీరుకుంది. ఒక్కటే. ఇక అక్కడినుంచి చేతులు వాయిస్తున్నాయి గానీ నేను మాత్రం ఆ స్వరం దగ్గరే ఉండిపోయాను, ఇప్పుడు వాళ్ళు ఏం రాసుకుంటున్నారో, ఎవరు ఎవరివైపు చూసి పెదవి విరిచారో అని. ఆ తర్వాత మొట్సార్ట్ 39 రెండో మూవ్‌మెంట్‌కి వచ్చేసరికి విల్లు వణకడం మొదలైంది. సగంలో తెర అవతలినుంచి "థాంక్యూ" అన్నారు. ఆ మాట ఎంత మర్యాదగా ఉంటుందో, ఎంత చల్లగా ఉంటుందో మీకూ తెలిసే ఉంటుంది.

మా గురువుగారిని అడిగితే "కాన్ఫిడెంట్‌గా ఉండు" అన్నారు. నాకది "ఇంకాస్త పొడుగ్గా ఉండు" అన్నట్టు వినిపించింది. ఉండమంటే ఉండేది అయితే ఇప్పటికే ఉండేదాన్ని కదా. ఇంకో ఏడు వారాల్లో మరో ఆడిషన్ ఉంది. నిజంగా ఉద్యోగం వచ్చినవాళ్ళు, కమిటీలో కూర్చున్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, లోపలికి ఏ ఆలోచనతో వెళ్తారు? మధ్యలో తప్పు పడితే దాన్ని ఏం చేస్తారు?


పాత విల్లు:

వయోలా వాయిస్తాను, చాలా ఏళ్ళుగా ఒకే ఆర్కెస్ట్రాలో. కమిటీలో ఎన్నిసార్లు కూర్చున్నానో లెక్క లేదు. అందుకే తెర ఇవతలి సంగతి చెప్తాను, ఎందుకంటే మీరు ఊహించుకుంటున్న గదికీ నేను కూర్చునే గదికీ పోలికే లేదు.

పొద్దున్న మొదలవుతుంది. ఖాళీ ఒక్కటే, వచ్చినవాళ్ళు వందమంది దాకా ఉంటారు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. మాకు పేర్లుండవు, నంబర్లే. ఒక్కొక్కరికీ కొద్ది నిమిషాలు. మధ్యాహ్నానికి అదే డాన్ జువాన్ యాభైసార్లు విని ఉంటాం, కుర్చీలో నడుం పట్టేసి ఉంటుంది, కాఫీ చల్లారిపోయి ఉంటుంది. ఆ సమయంలో మేం పెన్ను పట్టుకుని తప్పులకోసం కాచుక్కూర్చున్నామని మీరు అనుకుంటున్నారు. నిజానికి మేం ఎదురుచూస్తున్నది "హమ్మయ్య, ఈ మనిషి" అనిపించే ఒక్క నంబర్‌కోసం. ఎవరూ నచ్చకపోతే ఎవర్నీ తీసుకోకుండానే రోజు ముగుస్తుంది, అది మీరు అనుకునేకంటే ఎక్కువసార్లే జరుగుతుంది. అప్పుడు ఇదంతా మళ్ళీ పెట్టుకోవాలి, అప్పటిదాకా ఆ కుర్చీలో తాత్కాలికంగా వచ్చేవాళ్ళతో సర్దుకోవాలి. మీరు బాగా వాయించాలని ఆ గదిలో మీకంటే ఎక్కువ కోరుకునేది మేమే అంటే అతిశయోక్తి కాదు.

ఇక ఆ గీరుకున్న స్వరం. నా కాగితంమీద దానికి ఒక చిన్న గీత కూడా పడి ఉండదు. పడేదేమిటంటే "లయ నిలబడలేదు", "శ్రుతి పైకి పోతోంది", "అన్నీ ఒకే బిగ్గరగా", "ఇది మొట్సార్ట్‌లా లేదు", ఇలాంటివి. ఒక స్వరం తప్పడం ప్రమాదం, అది ఎవరికైనా జరుగుతుంది, మాకూ కచేరీల్లో జరుగుతుంది. కానీ ఆ తర్వాత వాయించే మనిషి ముడుచుకుపోతే అది తెరలోంచి కూడా స్పష్టంగా వినపడుతుంది. శబ్దం సన్నబడుతుంది, విల్లు పొదుపుగా కదులుతుంది, సంగీతం వాయించడం ఆగిపోయి జాగ్రత్తపడటం మొదలవుతుంది. నేను రాసుకునేది దాన్ని. మీరు చెప్పినదాన్నిబట్టి మిమ్మల్ని పంపించేసింది డాన్ జువాన్ కాదు, ఆ తర్వాతి మొట్సార్ట్.

ఆ మూవ్‌మెంట్ ఎందుకడుగుతారో కూడా ఆలోచించండి. మెల్లగా ఉంటుంది, చిన్నగా వాయించాలి, చుక్క స్వరాల లయ, దాక్కోవడానికి చోటే లేదు. వేగంగా వేళ్ళు కదులుతాయా అని తెలుసుకోవడానికి షూమన్ ఉంది, దీంతో మేం చూసేది పక్క కుర్చీలో ఈ మనిషి కూర్చుంటే నాకు నిశ్చింతగా ఉంటుందా అని. ఉద్యోగం వచ్చాక కూడా ఏడాదో రెండేళ్ళో ప్రొబేషన్ ఉంటుంది, కొన్నిచోట్ల అంతకుముందే ట్రయల్ అని కొన్ని వారాలు మాతో కలిపి వాయింపిస్తారు. అదంతా ఈ ప్రశ్న కోసమే.

అందుకని నా సలహా ఒక్కటి. మొదలుపెట్టేముందు ఆ ముక్కకి ముందు రెండు బార్లు (తాళం ఆవర్తనాలు) మొత్తం ఆర్కెస్ట్రా వాయిస్తున్నట్టు లోపల వినండి. మీ కింద బాసులు, పక్కన రెండో వయొలిన్లు, పైన గాలి వాద్యాలు. ఒంటరిగా పరీక్ష రాస్తున్నట్టు వాయించేవాళ్ళూ, చుట్టూ అరవైమంది ఉన్నట్టు వాయించేవాళ్ళూ వేరే రకం మనుషుల్లా వినిపిస్తారు. పైగా బుర్ర నిండా ఓబోలు మోగుతుంటే మా పెదవి విరుపుల గురించి ఆలోచించే చోటే ఉండదు.


ఇత్తడి మనిషి:

పైన పెద్దాయన చెప్పింది బాగుంది, కానీ నేను కొంచెం చేదుగా మాట్లాడతాను, ఏమనుకోకు బాస్. మనసు, మైండ్‌సెట్ అంటూ మనం చెప్పుకునేదాంట్లో చాలా భాగం సాధనలో ఉన్న బొక్కకి పెట్టుకున్న అందమైన పేరు. నేనూ నాలుగేళ్ళు "టెన్షన్ వల్ల పోయింది" అనే చెప్పుకున్నాను.

ఒక ప్రశ్న. రోజులో వయొలిన్ పెట్టె తీసి, వేళ్ళు వేడెక్కకముందే, ఒక్కసారి, మొదటిసారి డాన్ జువాన్ వాయిస్తే ఎలా వస్తుంది? దాన్ని రికార్డ్ చేసి ఎప్పుడైనా విన్నావా? ఇంట్లో పదోసారికి బాగా వచ్చిందంటే ఆడిషన్ లెక్కలో రానట్టే, ఎందుకంటే అక్కడ నీకు దొరికేది మొదటిసారి మాత్రమే. నేను ట్రాంబోన్ వాణ్ణి. మాకు రావెల్ బొలెరో ఉంది. చాలాసేపు ఊరికే కూర్చుని కూర్చుని, పెదాలు చల్లబడ్డాక, ఒక్కసారిగా పై స్వరంలో మొదలుపెట్టాలి, రెండో ఛాన్స్ లేదు. అది ఆడిషన్‌లో అడిగేది మనల్ని ఏడిపించడానికి కాదు, ఉద్యోగంలో అచ్చం అలాగే ఉంటుంది కాబట్టి. భయం ఈ ఉద్యోగంలో భాగం. దాన్ని పోగొట్టుకుని వెళ్దాం అనుకోవడమే తప్పు లెక్క.

నేను చేసింది చెప్తా. ముక్కల పేర్లు చీటీలమీద రాసి గిన్నెలో వేశాను. రోజుకి నాలుగుసార్లు, ఏ పనిలో ఉన్నా సరే, చీటీ తీసి వచ్చిన ముక్కని ఒక్కసారే వాయించి రికార్డ్ చేసి పెట్టె మూసేసేవాణ్ణి. కొన్నిసార్లు మేడ మెట్లు రెండుసార్లు ఎక్కి దిగి, గుండె దడదడలాడుతుండగా. మొదటి వారం రికార్డింగులు వింటే సిగ్గేసింది. ఒకే ముక్కని గంటసేపు అరగదీయడం కంటే ఇలా కలిపి కలిపి సాధన చేస్తే ఎక్కువ నిలుస్తుందా అని 2016లో పదిమంది క్లారినెట్ వాద్యకారులమీద ఒక అధ్యయనం వచ్చింది, కలిపి చేసినవైపే మొగ్గింది గానీ తేడా మరీ కొండంతేం కాదు. నాకు మాత్రం కొండంతే.

తప్పు పడ్డాక ఏం చెయ్యాలి అన్నావు కదా, మావాళ్ళలో అందరికీ తెలిసిన కథ ఒకటుంది. 1980లో మ్యూనిక్ ఫిల్హార్మోనిక్ ట్రాంబోన్ ఆడిషన్‌కి ఆబీ కోనంట్ అనే ఆవిడ వెళ్ళింది. ఆవిడకొచ్చిన పిలుపు ఉత్తరంలో పేరుకి ముందు మగవాళ్ళకి రాసినట్టు రాశారు. ఆరోజు తెర పెట్టారు. వాయిస్తుంటే ఒక స్వరం పగిలింది. అయిపోయింది అనుకుని లోపలికెళ్ళి సామాను సర్దుకోవడం మొదలుపెట్టింది. తెర ఇవతల కమిటీ మాత్రం అప్పటికే ఈ మనిషే కావాలి అని తేల్చేసింది. తర్వాత తెర వెనకనుంచి ఆడమనిషి వచ్చిందని తెలిశాక ఆవిణ్ణి మొదటి ట్రాంబోన్‌నుంచి రెండోదానికి దింపడం, ఏళ్ళ తరబడి కోర్టులు, చివరికి ఆవిడే గెలవడం, అదంతా ఇంకో పెద్ద కథ. నీకు పనికొచ్చేది ఒక్కటే. వాయించే మనిషికి తన ఆడిషన్ ఎలా పోతోందో వాయించేటప్పుడు తెలీదు. తెలీని దానిమీద తీర్పులివ్వడం మానెయ్.


నోరెండింది:

ఫ్లూట్. నా పేరే నా సమస్య.

ఇత్తడి అన్నయ్య చెప్పింది సగం నిజం. చీటీల సాధన నేనూ చేశాను, పనికొచ్చింది, కానీ నోట్లో తడి ఆరిపోయి పెదాలు పళ్ళకి అతుక్కుంటుంటే దాన్ని "సాధనలో బొక్క" అంటే ఒప్పుకోను. డెబుస్సీ ఫాన్ ప్రెల్యూడ్ మొదలెట్టేటప్పుడు తోడు ఎవరూ ఉండరు, కింద ఏ వాద్యమూ ఉండదు, ఒక్క సి షార్ప్, అదీ మెత్తగా. శరీరం ఆ క్షణంలో పులి ఎదురైనట్టు ప్రవర్తిస్తుంది. అది శరీర ధర్మం.

నేను పద్నాలుగు ఆడిషన్లు ఇచ్చాను, పదిహేనోది వచ్చింది. మందుల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే ఎత్తుతాను, ఎందుకంటే చాలామంది వాడేదీ ఎవరూ మాట్లాడనిదీ అదే. ప్రొప్రనొలోల్ అనే బీటా బ్లాకర్. 1987లో అమెరికా ఆర్కెస్ట్రా వాద్యకారుల్లో ఒక పెద్ద సర్వే చేస్తే నూటికి 27 మంది వాడుతున్నామని చెప్పారు. నేను రెండేళ్ళు వాడాను. చేతుల వణుకు, గుండె దడ తగ్గాయి. బుర్రలో గొడవ మాత్రం అలాగే ఉంది, వణకని చేతులతో దిగులుపడ్డానంతే. ఉబ్బసం ఉన్నవాళ్ళకి అది ప్రమాదం, బీపీ తక్కువగా ఉన్నవాళ్ళకీ మంచిది కాదు, కాబట్టి డాక్టర్‌ని అడక్కుండా స్నేహితుడి జేబులోంచి తీసుకుని మింగొద్దు. డాక్టర్ సరే అన్నా, మొదటిసారి ఆడిషన్ రోజునే ప్రయత్నించొద్దు.

నాకు నిజంగా మార్పు తెచ్చింది చాలా చిన్న విషయం. వరండాలో కూర్చుని "శాంతంగా ఉండు, శాంతంగా ఉండు" అని జపం చేసేదాన్ని. గుండె నిమిషానికి నూట ఇరవై కొట్టుకుంటుంటే శాంతం ఎక్కణ్ణుంచి వస్తుంది? పైగా రానందుకు ఇంకో కంగారు. 2014లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు ముక్కూ మొహం తెలీనివాళ్ళ ముందు జనంచేత పాటలు పాడించి చూసింది. పాడేముందు "నాకు ఉత్సాహంగా ఉంది" అని పైకి అన్నవాళ్ళు "నాకు టెన్షన్‌గా ఉంది" అన్నవాళ్ళకంటే మెరుగ్గా పాడారు. ఇది చదివి నవ్వుకున్నాను, ఇంత తేలికా అని. కానీ ఆలోచిస్తే అర్థముంది, దడ అదే దడ, పేరు మారుస్తున్నాం అంతే, లేని శాంతాన్ని పుట్టించక్కర్లేదు. ఆ తర్వాతి ఆడిషన్‌నుంచి "ఎప్పటినుంచో ఎవరికైనా వినిపించాలనుకుంటున్న ముక్క ఇది, ఇవాళ వింటారు" అనుకుని వెళ్ళడం మొదలుపెట్టాను.

ఇంకొకటి, చాలామంది ఇస్తారు ఈ సలహా: "ఆ ఉద్యోగం నాకక్కర్లేదు అనుకుని వెళ్ళు, తేలిగ్గా ఉంటుంది." దయచేసి వద్దు. ఏళ్ళ తరబడి కష్టపడి, అప్పుచేసి ప్రయాణం చేసి వెళ్ళినదానికి అక్కర్లేదు అనుకుంటే మన మనసే మనల్ని చూసి నవ్వుతుంది. కావాలి. చాలా కావాలి. అది ఒప్పుకునే వాయించొచ్చు.

వార్మప్ గదుల గురించి కూడా. పక్క గదిలో ఎవరో నీ ముక్కనే నీకంటే వేగంగా, నీకంటే బిగ్గరగా వాయిస్తుంటారు. ఎప్పుడూ ఒకడు ఉంటాడు. వాడు చాలాసార్లు ప్రిలిమ్స్‌లోనే పోతాడు. చెవుల్లో దూది పెట్టుకుని పొడుగు స్వరాలు వాయించుకో, ముక్కలు ముట్టుకోకు.


తెరచాటు:

నేను వాయించను. ఆడిషన్ రోజున అభ్యర్థులని గదినుంచి వేదికమీదికి తీసుకెళ్ళి, తెర వెనక పక్కనే నిలబడే మనిషిని. కొన్ని వందలమందిని చూసి ఉంటాను, వేరే ఎవరికీ కనపడని మొహాలు అవి.

మొదట ఒక భ్రమ తీసేయాలి. గెలిచేవాళ్ళు ధైర్యంగా కనిపిస్తారని అనుకుంటారు. లేదు. వెళ్ళేముందు వాంతి చేసుకుని, మొహం కడుక్కుని, లోపలికెళ్ళి ఉద్యోగం కొట్టినవాళ్ళని చూశాను. నవ్వుతూ జోకులేస్తూ వెళ్ళి రెండు నిమిషాల్లో బయటికొచ్చినవాళ్ళనీ చూశాను. మొహం చూసి నేను పందెం కాస్తే ఈపాటికి దివాలా తీసేవాణ్ణి.

తేడా నాకు కనిపించేది ఒక్కచోట, ముక్కకీ ముక్కకీ మధ్య. కంగారుపడేవాళ్ళు ఒక ముక్క అయిన మరుక్షణం తర్వాతిదాంట్లోకి దూకేస్తారు, ఆ నిశ్శబ్దం భరించలేక. మిగతావాళ్ళు విల్లు దించి, పేజీ తిప్పి, శ్వాస తీసుకుని, పెదాలు కదుపుతూ లోపల ఒక లైను పాడుకుని అప్పుడు మొదలుపెడతారు. వాళ్ళకది యుగంలా అనిపిస్తుందేమో, నేను గడియారం చూశాను, పదో పదిహేనో సెకన్లు. అవతలివాళ్ళు ఎలాగూ అప్పుడు రాసుకుంటూ ఉంటారు.

తెర గురించి కూడా. బోస్టన్ సింఫనీ 1952లోనే తెర పెట్టి చూసింది, మిగతాచోట్ల మామూలైంది 70ల్లో, 80ల్లో. అడుగుల చప్పుడుని బట్టి ఆడో మగో పోల్చుకోకుండా నేలమీద తివాచీ పరుస్తాం. మాట్లాడకూడదు, ఏదైనా కావాలంటే నా చెవిలో చెప్తే నేను అడుగుతాను. చాలామందికి ఈ సంగతే గుర్తుండదు. తీగ శ్రుతి జారిందని తెలిసీ అడగటానికి మొహమాటపడి అలాగే వాయించినవాళ్ళున్నారు. అడగండి, నేనున్నదే అందుకు. ఇక చాలాచోట్ల ఫైనల్‌లో తెర తీసేస్తారు. ఒక్కసారిగా పదిమంది మొహాలు ఎదురుగా. దానికి కూడా ఇంట్లోనే సిద్ధపడాలి, నలుగుర్ని కూర్చోబెట్టి, వాళ్ళు నవ్వకుండా, తల ఊపకుండా ఉండేలా ఒప్పించి.


మూడో తీగ:

అందరికీ థాంక్స్. పది రోజులు ఆగి రాస్తున్నా, ఎందుకంటే ఇత్తడి గారి మాటకి మొదట చాలా కోపమొచ్చింది. ఆ కోపంతోనే రికార్డ్ చేశాను, మీరు తప్పని చూపిద్దామని.

మీరే రైటు, పూర్తిగా కాదు గానీ. మొట్సార్ట్ 39 నా మొదటిసారి రికార్డింగులో చుక్క స్వరం తర్వాత వచ్చే చిన్న స్వరాలు ప్రతిసారీ కొంచెం ముందే పడుతున్నాయి. ఇంట్లో, ఎవరూ లేనప్పుడు, ఏ టెన్షనూ లేనప్పుడు. వణుకు వల్ల లయ పోయిందనుకున్నాను ఇన్నాళ్ళూ, లయ ముందే లేదు, వణుకు దానిమీద వచ్చి కూర్చుంది. ఇంకో సంగతి, డాన్ జువాన్ మొదటిసారి ఎప్పుడూ నేను అనుకున్నదానికంటే వేగంగా మొదలవుతోంది, దాంతో మూడో లైన్‌కల్లా పీకలమీదికొస్తోంది.

పాత విల్లు గారికి ఒక ప్రశ్న. తప్పు పడ్డాక ముడుచుకుపోవడం వినిపిస్తుంది అన్నారు. దానికి సాధన ఎలా? ముడుచుకోవద్దు అనుకుంటే ఇంకా ముడుచుకుంటున్నాను.


పాత విల్లు:

తప్పుని కూడా సాధన చెయ్యాలి. స్నేహితులెవరినైనా పక్కన నిలబెట్టి, మీరు వాయిస్తుండగా వాళ్ళకి తోచినప్పుడు చప్పట్లు కొట్టమనండి, పుస్తకం కింద పడెయ్యమనండి. మీ పని ఏమిటంటే ఆ వెంటనే వచ్చే బార్‌ని మామూలుకంటే పెద్ద శబ్దంతో, పొడుగాటి విల్లుతో వాయించడం. బాగా వాయించడం కాదు, పెద్దగా. అలా అలవాటయ్యాక తప్పు పడితే చెయ్యి తనంతట తానే విప్పుకుంటుంది, మీరు ఆలోచించక్కర్లేదు. నేను నా విద్యార్థులచేత కావాలని తప్పు స్వరం వాయింపించి ముందుకు వెళ్ళమంటాను, మొదట్లో తెగ ఏడుస్తారు.

వేగం సంగతికి, మొదలుపెట్టే బార్ గుర్తుచేసుకుంటే వేగం అదే దొరుకుతుంది. అది దొరక్కపోతే ఆ ముక్కలో మీకు అన్నింటికంటే కష్టమైన బార్ లోపల పాడుకోండి. దాన్ని ఏ వేగంలో వాయించగలరో అదే మీ వేగం.


ఇత్తడి మనిషి:

"పూర్తిగా కాదు గానీ" అన్నందుకు పర్లేదు, ఒప్పుకుంటా, నోరెండింది చెప్పిన పేరు మార్చే కిటుకు నేనూ గుట్టుగా వాడతాను.

ఆ చిన్న స్వరాలకి మెట్రోనోమ్‌ని (టిక్కు టిక్కుమని లయ కొట్టే పరికరం) బీట్‌మీద పెట్టకు, బీట్‌లో సగానికి పెట్టు, ఒక వారం తర్వాత బార్‌కి ఒక్కటే కొట్టేలా పెట్టు. అప్పుడు మధ్యలో నువ్వు ఏం చేస్తున్నావో బయటపడిపోతుంది. నాలుగో వారంలో ఒక రికార్డింగ్ ఇక్కడ పెట్టు. మొదటిసారిదే. ఎడిట్ చేసినట్టు తెలిస్తే ఊరుకోను.


మూడో తీగ:

పెడతాను. గిన్నె కూడా తెచ్చుకున్నా, పదకొండు చీటీలు. ఇవాళ పొద్దున్నే తీస్తే మొదట వచ్చింది షూమన్, పళ్ళు కూడా తోముకోలేదు ఇంకా.